కాళ్లతో ఎవరూ అచ్చు వేయరు

గది బయట చెప్పులు విడిచి, తలుపు దగ్గర నుంచి నా బల్ల దాకా ఆమె నడిచిన ఆ కాస్త దూరంలోనే నాకు అనుమానం వచ్చింది. ఆమె వచ్చింది చేతి నొప్పికి. నడుస్తున్నది మాత్రం గులకరాళ్ల మీద నడుస్తున్నట్టు, పాదం ముందు భాగం మీద బరువు పడనీయకుండా, మడమల మీద.

అప్పట్లో నేను మచిలీపట్నంలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టుని. మా ఆయనకి గుడివాడ బదిలీ అయ్యాక ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు పిల్లలు నిద్రపోయాక ఇలా రాసుకోవడమే మిగిలింది. మా పనికి ఒక హద్దుంది. రోగం ఏమిటో తేల్చేది డాక్టరు. ఆయన రాసిన చీటీ ప్రకారం కాపడం పెట్టడం, కీళ్లు ఆడించడం, వ్యాయామం నేర్పడం మా వంతు. చీటీకీ మనిషికీ పొంతన కుదరకపోతే వైద్యం మొదలుపెట్టకుండా, కారణం రాసి తిరిగి డాక్టరుకే పంపాలి.

ఆమె పేరు నాగమణి. పెడనలో కలంకారీ అద్దకం పని. చీటీలో "అద్దకం వల్ల కుడి చేతికి శ్రమ, మైనం కాపడం" అని ఉంది. అంటే కరిగించిన గోరువెచ్చని మైనంలో చేతిని ముంచి తీయడం. చూసేవాళ్లకి అందులో తప్పేమీ కనిపించదు. అద్దకంలో ఎడమ చేత్తో చెక్క అచ్చు పట్టుకుని, రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, కుడి పిడికిలితో గుద్దుతారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే. పనిలో కొత్తగా చేరినవాళ్ల చేతులు వాస్తాయి, కొన్నాళ్లు మానితే తగ్గుతాయి. వాళ్ల వీధిలో దానికి గుద్దుడు నొప్పి అని పేరు కూడా ఉంది.

"ఇదీ గుద్దుడు నొప్పేనండీ మేడమ్. మాలో ఇది లేని వాళ్లెవరు చెప్పండి?" అంది నాగమణి.

"కాళ్లతో కూడా అచ్చులు గుద్దుతారా నాగమణి గారూ?" అన్నాను.

ఫక్కున నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. తన పాదాల వంక తనే చూసుకుంది.

వేళ్ల మొదళ్లన్నీ కలిపి అడ్డంగా మెల్లగా నొక్కి చూడటం ఒక పరీక్ష. కుడి చేయి నొక్కాను, ఎడమ చేయి నొక్కాను, తర్వాత రెండు పాదాలు. నాలుగు చోట్లా ఆమె ఊపిరి బిగబట్టింది. అరిగిన కీలు వేలికి గట్టిగా, ఎముకలా తగులుతుంది. ఈ వాపు మెత్తగా, వెచ్చగా ఉంది. కీళ్లవాతం అనిపించింది. ఒంట్లో కాపలాకి ఉన్న శక్తే దారి తప్పి, సొంత కీళ్ల మీద పడే జబ్బు అది. మొదట్లో పట్టుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది. ఆలస్యమైతే ఎముక కొరుక్కుపోతుంది, పోయింది తిరిగి రాదు.

కాపడం పెట్టకుండా అదే మాట రాసి డాక్టరు గారికి పంపాను. ఆయన పెద్దవారు, మంచివారు. కానీ ఆమె వచ్చేది మధ్యాహ్నం బస్సుకి. అప్పటికి పొద్దుటి వాపు కొంత దిగి, వేళ్లు ముప్పావు వంతు మూసుకునేవి. రక్తపరీక్షలో కీళ్లవాతం జాడ కూడా లేదని వచ్చింది. ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు.

నాకు మనసొప్పలేదు. కంగారు నాకు పుట్టుకతో వచ్చింది, ఒప్పుకుంటాను. పిల్లాడు రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు తీసే రకం నేను. కానీ ఆ కంగారుకి ఈసారి ఆధారం ఉంది. నాగమణి అద్దేవి సన్న గీతల అచ్చులు. చేయి కాస్త వణికినా గుడ్డ పాడవుతుంది. "పిడికిలి మూసుకుంటే చాలు మేడమ్. చేయి పోతే నాకింకేం పనొచ్చు?" అని ఆమె అడిగిన తీరు నా చెవుల్లో ఉండిపోయింది. పొద్దున లేవగానే ఆ చేతులు ఎలా ఉంటాయో చూడాలని, సెలవు రోజు చూసుకుని మొదటి బస్సుకి పెడన వెళ్లాను.

నాగమణి మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్లో, వేరెవరివో అక్కడ పెట్టి వెళ్లినట్టు. వాళ్ల అమ్మాయి చిన్ని, రెండో తరగతి, తల్లి నోటికి కాఫీ గ్లాసు అందిస్తోంది. గ్లాసు దించి తన జడ తనే అల్లుకుంది, వంకరగా. యూనిఫారం బొత్తాలు పెట్టమని ఆ పిల్ల తల్లిని అడగనే లేదు. అడగడం ఎప్పుడో మానేసిందని అర్థమైంది.

"పది గంటలయ్యేసరికి లేచి తిరిగేస్తుందండీ," అంది వాళ్ల అత్తగారు, వంటింట్లోంచి. "పొద్దున రోగం, మధ్యాహ్నం భోగం. మేమూ చేశాం అద్దకాలు. పది రోజులు ఇంట్లో కూర్చోబెడితే ఇంకా బిగుసుకుపోయింది. పని లేకపోతే ఒళ్లు బద్ధకిస్తుంది మరి!"

"ఆవిడ నోరు అంతేనండీ. రాత్రుళ్లు కాళ్లు పట్టేది కూడా ఆవిడే," అంది నాగమణి నెమ్మదిగా.

"మా గొప్పలు ఎందుకులే ఇప్పుడు," అంది లోపలి నుంచి ఆ గొంతే.

నాకు కావలసిన మాట అత్తగారు వెక్కిరింపులోనే చెప్పేశారు. శ్రమ వల్ల వచ్చిన నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఇది విశ్రాంతితో పెరిగి, కదిలిన కొద్దీ సడలుతోంది. అక్కడే కూర్చుని చూశాను. ఎండ వాకిట్లోంచి నడవలోకి వచ్చేసరికి గానీ ఆమె వేళ్లు గ్లాసు చుట్టూ తిరగలేదు. చూసిందంతా డాక్టరు గారికి చెప్పాను. ఆయన అంతా విని, ఒక్క మాట వాదించకుండా, విజయవాడలో కీళ్లవాతం స్పెషలిస్టుకి అప్పటికప్పుడే రాసి ఇచ్చారు.

ఆమెకి తోడుగా నేనూ వెళ్లాను. స్పెషలిస్టు ఆవిడ కీలు మీద స్కానింగు పెట్టి తెర మా వైపు తిప్పారు. ఎముకల మధ్య బూడిద రంగు పొర. అందులో ఎర్రటి నిప్పురవ్వలు మినుకుమంటున్నాయి. వాపు పొరలోకి తోసుకొస్తున్న రక్తమట. రక్తపరీక్షకి చిక్కనివాళ్లూ కొందరు ఉంటారని చెప్పారు. బయటికి ఒక వేలు, అంతే. లోపల అంత మంట! నాగమణి తెర వైపోసారి, తన వేలి వైపోసారి చూసుకుంది.

ఎముక ఇంకా కొరుక్కుపోలేదన్నారు. రాసిన ముఖ్యమైన మాత్ర వారానికి ఒక్కసారి వేసుకునేది.

"రోజూ వేసుకుంటే తొందరగా తగ్గదాండీ?" అంది నాగమణి.

"వద్దమ్మా! రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకుంటావో పేరు చెప్పు."

"ఆదివారం అండీ. అద్దకం షెడ్డుకి సెలవు, మర్చిపోను."

ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు చేయించాలనీ, ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందే వచ్చి చెప్పి మందు మార్చుకోవాలనీ ఆవిడ నొక్కి చెప్పారు. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు నా వంతు. వాపు ఎక్కువగా ఉన్న రోజు కీలుకి విశ్రాంతి, తగ్గిన రోజు కదలిక. రాత్రి మణికట్టుకి పట్టీ. అచ్చు పిడికి గుడ్డ చుట్టి లావు చేయించాను, పట్టు బిగించే పని తగ్గేలా.

పట్టు కొలిచే యంత్రం మా ఆస్పత్రిలో లేదు. బీపీ పట్టీని చుట్టగా చుట్టి, కొద్దిగా గాలి నింపి, పిడికిట్లో పెట్టి నొక్కమంటాం. ఎంత బలముంటే పాదరసం అంత పైకి లేస్తుంది. మొదటి రోజు అది ఉలికిపడి ఆగిపోయింది. చాలా వారాలు అలాగే. ఇద్దరం ఆ గాజు గొట్టం వైపు చూడటానికే జంకేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఆమె నొక్కింది. పాదరసం లేచింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. మనిషి ఒంట్లో ఆ నిప్పురవ్వలు ఒక్కొక్కటే ఆరిపోయి, ఆ బలం ఇలా వెండిగీతలా పైకి పాకడం నా పుస్తకాల్లో ఎక్కడా చదవలేదు.

"ఇవాళ చిన్నికి జడేశానండీ," అంది నాగమణి, చెయ్యి వదలకుండానే. "గట్టిగా లాగుతున్నావమ్మా అని ఏడ్చింది."

జబ్బు పూర్తిగా పోలేదు. మందు ఆపితే తిరిగి రావచ్చు. అదుపులో ఉంచుకోవాలి, అంతే. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: నొప్పి ఎక్కడుందని అడిగితే చాలదు, ఏ వేళకి ఉంటుందో, పనికి తగ్గుతుందో విశ్రాంతికి తగ్గుతుందో అడగాలి.

నాగమణి ఆ జడ సంగతి చెప్పిన మర్నాడు పొద్దున, మా పిల్లలకి పాలు ఇస్తూ చెప్పాను. "లేవగానే ఎక్కడైనా నొప్పిగా ఉంటే నాకు చెప్పాలి. బడికి వెళ్లేలోగా తగ్గిపోయినా సరే, చెప్పాలి."

"చెప్తే నువ్వు కంగారు పడతావుగా," అంది పెద్దది.

"పడతాను. అయినా చెప్పండి," అన్నాను.