గడ్డిలోంచి ఏరుకున్న బొమ్మలు

నా చిన్నప్పుడు కోపం చెడ్డదని చెప్పనివాళ్ళు లేరు. అమ్మ చెప్పేది, స్కూల్లో టీచర్ చెప్పేది, వీకెండ్ భోజనాలకు వచ్చే అంకుల్స్, ఆంటీలు చెప్పేవారు. ఆడపిల్లకు అసలు పనికిరాదనేవారు. నాకు కోపం వస్తే ముద్దొస్తోందని నవ్వేవారు కూడా, దాంతో నాకు ఇంకా మండేది. కోపం వచ్చిన మనిషి ఎలా మసలుకోవాలో మాటల్లో కాకుండా చేసి చూపించింది మాత్రం ఒక్కరే. మా పక్కింటి అక్క.

అప్పుడు మేము అమెరికాలో, సన్నీవేల్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. పెళ్ళయి కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ఆమెను మొదటిరోజు ఆంటీ అని పిలిస్తే, "నేనేం ఆంటీనే? అక్కా అను" అని కసిరింది. అలా ఆమె అక్క అయింది, ఆమె భర్త బావ అయ్యాడు. అక్క ఊళ్ళో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదట. ఇక్కడికి బావ వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. కారు నడపడం రాదు. పొద్దున బావ ఆఫీస్‌కి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే మనిషి ముఖం కనిపించేది.

ఆ రోజుల్లోనే అక్క ఫెల్ట్ గుడ్డతో బొమ్మలు కుట్టడం మొదలుపెట్టింది. మందంగా, మెత్తగా ఉండే ఆ గుడ్డకు అంచుల్లో పోగులు ఊడవు, మడిచి కుట్టే పని ఉండదు. కాగితం మీద బొమ్మ గీసుకుని, అదే ఆకారంలో గుడ్డను రెండు ముక్కలు కత్తిరించి, చుట్టూ కాజా కుట్టు వేసేది. ఒకచోట కాస్త సందు వదిలి, అందులోంచి చాప్‌స్టిక్‌తో దూదిని చెవుల కొసల దాకా కూరేది. కళ్ళకు గుండీలు పెట్టేది కాదు, చిన్నపిల్లలు పీకి మింగేస్తారని. నల్లదారంతో ముడులు వేసేది. ఆ ముడి ఒక్క నూలుపోగంత పక్కకు జరిగినా బొమ్మ ముఖం దిగులుగా మారిపోయేది. అప్పుడు విప్పి మళ్ళీ వేసేది. నేను స్కూల్ నుంచి రాగానే వాళ్ళింటి కార్పెట్ మీద హోంవర్క్ ముందేసుకుని, అది చేయకుండా అక్క చేతుల్నే చూస్తూ కూర్చునేదాన్ని.

మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేది. గుంటూరు వైపు వాళ్ళు. ఆ కాంప్లెక్స్‌లో తెలుగువాళ్ళ పూజలు, పార్టీలు అన్నీ ఆమె చెప్పినట్టే జరిగేవి. బావకు ఉద్యోగం ఇప్పించింది ఆమె భర్తే. ఇద్దరూ ఒకే ఆఫీస్, ఆయన బావకు పైఅధికారి కూడా. ఒకరోజు ఆమె అక్క ఇంటికి వచ్చి కిటికీ గట్టు మీద బొమ్మల్ని చూసింది.

"అబ్బ, ఎంత బావున్నాయో! మా పాప బర్త్‌డేకి రిటర్న్ గిఫ్ట్స్‌గా చేసిపెట్టకూడదా? ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా!"

అక్క చేతిలో సూది ఆగింది. అయినా సరేనంది. బావ ఉద్యోగం గుర్తొచ్చి అంత తేలిగ్గా సరేనందేమో అని ఇప్పుడు అనుకుంటాను. కానీ ఆ నెలంతా ఆమె కుట్టింది మొహమాటానికి కాదు. ఏ రెండు బొమ్మలూ ఒకలా లేవు. ఒక ఏనుగు తొండం ఎత్తితే ఇంకోటి దించింది. ఒక గుడ్లగూబ ఒక కన్ను మూసి నిద్రపోయింది. కుట్టిన ప్రతిదాన్నీ రెండు చేతులతో లాగి, కుట్టు తెగదని తేలాకే పక్కన పెట్టేది. వేలికొసలకు ప్లాస్టర్లు చుట్టుకునే వంట చేసేది.

పార్టీ పార్క్‌లో పెట్టారు. బావ, అంకుల్ పనిచేసే ఆఫీస్ వాళ్ళు కూడా కుటుంబాలతో వచ్చారు. కేక్ అయ్యాక పినాటా కట్టారు. అంటే రంగుకాగితాలు అంటించిన అట్టగాడిద. లోపల చాక్లెట్లు నింపి కొమ్మకు వేలాడదీస్తే, పిల్లలు వంతులవారీగా కర్రతో కొట్టి పగలగొట్టాలి. పెద్దపిల్లాడొకడు బలంగా కొట్టేసరికి దాని పొట్ట చిరిగింది. చాక్లెట్లతోపాటు అక్క కుట్టిన బొమ్మలు రాలాయి.

రాలిన చాక్లెట్ల కోసం పిల్లలందరూ ఒక్కసారి ఎగబడ్డారు. బొమ్మలు కాళ్ళ కింద పడ్డాయి. ఉదయం స్ప్రింక్లర్లు తిరిగిన గడ్డి, ఇంకా బురద బురదగా ఉంది. కొన్ని బొమ్మలకు కర్ర దెబ్బకు పొట్టలు నలిగాయి. బల్ల మీద రిటర్న్ గిఫ్ట్స్ సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిలో షాపులో కొన్న ప్లాస్టిక్ బొమ్మలు.

అక్క నా పక్కనే నిలబడి ఉంది. ఆమె ముఖం తెల్లబడింది. పిల్లల మధ్యలోకి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో బొమ్మనూ ఏరి పట్టుచీర కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. చీరకు బురద అంటుతున్నా చూసుకోలేదు. ఆంటీ పరుగున వచ్చింది.

"ఏంటమ్మాయ్ ఇది, అందరి ముందూ! ఆఫీస్ వాళ్ళొస్తున్నారని సంచుల్లో కొన్నవి పెట్టాం. ఇవీ వేస్టవకూడదని దాన్లో వేశాం. బొమ్మలేగా! ఖాళీగానే ఉంటావు, మళ్ళీ కుట్టుకుంటే పోలా?"

అక్క లేచి నిలబడింది. గొంతు పెంచలేదు, దించలేదు.

"నేను ఖాళీగ ఉన్ననని ఎవరు చెప్పిన్రు మీకు? నెలంత కండ్లు గుంజేదాక కూసొని కుట్టిన. నచ్చకపోతే నా ముఖం మీద చెప్పాలె, వాపస్ ఇయ్యాలె. కట్టెతోని కొట్టిపిచ్చెతందుకు కుట్టలే నేను."

మా అమ్మ వెళ్ళి చేయి పట్టుకుంది. "ఊరుకో అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనియ్యండి వదినా."

పుట్టినరోజు పాప ఒక నీలం కుందేలును ఛాతీకి హత్తుకుని నిలబడి ఉంది. అక్క దాని వైపు చూసి, ఆ ఒక్కటీ అడక్కుండా వెనక్కి తిరిగింది. ఆంటీయే పాప చేతిలోంచి కుందేలును లాగి అక్క కొంగులోకి విసిరింది. "తీసుకెళ్ళు, నీ బొమ్మలన్నీ తీసుకెళ్ళు!" పాప గుక్కపట్టి ఏడ్చింది. ఏడ్చినందుకు వీపు మీద ఒకటి వేసింది ఆంటీ. కోపం అక్క మీద, దెబ్బ పాపకు. బావ తల దించుకుని కారు తాళాలు వెతుక్కున్నాడు.

వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య గోడ పల్చన. ఆ సాయంత్రం మాటలు మాకు వినిపించాయి.

"ఒక్క సారీ చెప్పి రా, ఐపోతది. నా గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఆయన చేతిల ఉంది."

"ఏం తప్పు చేసిన్నని చెప్పాలె? నువ్వు జెప్పు, పోయి చెప్పొస్త."

అక్క వెళ్ళలేదు. మా అమ్మ నన్ను కొన్నాళ్ళు పక్కింటికి పోవద్దంది. మనకెందుకు, నాన్నకూ రేపు ఆ అంకుల్‌తో పని పడొచ్చు అంది. అమ్మ మీద నాకు అక్కకు వచ్చినంత కోపం వచ్చింది. మర్నాడు స్కూల్ నుంచి నేరుగా అక్క ఇంటికే వెళ్ళాను. అక్క చన్నీళ్ళలో గుడ్డ తడిపి బొమ్మల మీది బురద అద్దుతోంది, రుద్దితే ఫెల్ట్ మీద నూగు లేస్తుందని. సూది ముట్టలేదు.

"ఇంకా కోపంగా ఉందా అక్కా?"

"మస్తుంది. ఉండనియ్యి. కోపం మీద కుడితే దారం గట్టిగ గుంజుత, గుడ్డ ముడుసుకపోతది. పాపం, గుడ్డేం జేసింది?"

కొన్నిరోజులకు, నేను అక్క ఇంట్లో ఉండగా తలుపు చప్పుడైంది. నేనే తీశాను. బయట ఆంటీ, ఆమె చేయి పట్టుకుని పాప. పాప కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆంటీ నా తల మీదుగా లోపలికి చూస్తూ అంది, "రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు, ఆ కుందేలు కావాలని ఒకటే గొడవ."

అక్క వచ్చింది. ఇప్పుడు చెప్తుంది, తలుపు వేసేస్తుంది అని నాకు లోపల సంబరంగా ఉంది. అక్క పాప ముందు కింద కూర్చుని, కుందేలును పాప చేతిలో పెట్టింది. నలిగిన చెవిని అప్పటికే విప్పి దూది మార్చి కుట్టి ఉంచింది. "స్నానానికి తీసుకపోకు, సరేనా?" అంది. పాప తల ఊపింది. అక్క దాని జుట్టు వెనక్కి దువ్వి, నవ్వింది. ఆ నవ్వులో కోపం జాడే లేదు. తర్వాత లేచి ఆంటీ వైపు తిరిగింది. ఆ ముఖం వేరు.

"కోపం తగ్గిందన్నమాట," అంది ఆంటీ, తేలికపడుతూ.

"తగ్గలే. అది పాపకు ఇచ్చిన, మీకు కాదు. మీరన్న మాట నాకింక యాదికుంది. ఎన్నడైన దానికి జవాబు చెప్పాలనిపిస్తే రండి, చాయ్ పెడత."

ఆంటీ జవాబు చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. వాళ్ళ పార్టీలకు అక్కను పిలవడం మానేశారు. భయపడినట్టు బావ ఉద్యోగానికి ఏమీ కాలేదు. అంకుల్‌కు ఈ గొడవ పట్టనే లేదేమో. రెండేళ్ళకు అక్కావాళ్ళు టెక్సస్‌లోని కాపెల్ వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళకు వర్క్ పర్మిట్ వచ్చాక అక్క మళ్ళీ కెమిస్ట్రీ చెబుతోందని విన్నాను.

ఆ తలుపు దగ్గర నిలబడి నేను చూసింది ఇదే. కోపాన్ని మింగక్కర్లేదు. ఎవరి మీద వచ్చిందో వాళ్ళకే ఇవ్వాలి, మధ్యలో దొరికిన పసిపిల్లకు కాదు. మొదటిది నాకు బాగానే వచ్చింది. రెండోదాంట్లో ఇప్పటికీ తడబడతాను. ఆఫీస్‌లో తగిలిన మాటను ఇంటిదాకా మోసుకొచ్చి, మా పిల్లల మీద నోరు తెరవబోయి, మూసుకుని, కారులోకే తిరిగి వెళ్ళి కూర్చున్న సాయంత్రాలున్నాయి.

మొన్న ఒక గృహప్రవేశంలో ఒకాయన నాకు తన భార్యను పరిచయం చేశాడు. "తను ఏం చేయదండీ, జస్ట్ ఇంట్లో ఉంటుంది," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి కిందికి చూసింది. నాకు ఒళ్ళంతా వేడెక్కింది. "జస్ట్ అంటే ఏంటండీ?" అని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు తమ ప్లేట్లలోకి చూసుకున్నారు. ఆయన సరదాకన్నానంటూ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన జవాబు చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను.