డానియేలు చెప్పిన సాక్ష్యం

డానియేలుకు పాకెట్ పాలు సయించవు. రోజూ పొద్దున ఆరింటికి స్టీలు క్యాను పట్టుకొని, ఛత్రినాకలో తన ఇంటి నుంచి లాల్‌దర్వాజా వైపు రెండు గల్లీలు దాటి ఓదెలు బర్రెల కొట్టానికి వెళ్తాడు. గోడవారగా ఉన్న బండ మీద కూర్చుని బకెట్‌లో పాలధార పడే చప్పుడు వింటాడు. ఖాళీ బకెట్‌లో ఖణఖణమని మోగే ధార, నిండుతున్నకొద్దీ మెత్తబడుతుంది. రోజంతా కంప్యూటర్ తెర ముందు కోడు రాసే మనిషి కదా, ఒక పని కళ్ళముందే మొదలై కళ్ళముందే ముగియడం చూస్తే అతనికి ఏదో హాయి.

"ఏం ఇంజినీరు సాబ్, మీ కంప్యూటర్ల పాలు రావా?" అని ఓదెలు రోజూ అడుగుతాడు.

"వస్తయి కాకా. మీగడ కడ్తలేదు."

ఓదెలు కొడుకు శ్రవణ్, డానియేలు ఒకే కాలేజీలో చదివారు. ఒకే కంపెనీలో, ఒకే టీంలో చేరారు. ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళు. మొన్నటి ఎండాకాలం మేనేజర్ ఇద్దర్నీ గదిలోకి పిలిచి, పని తగ్గిందనీ, ఇద్దరిలో ఒకరికే చోటుందనీ, ఎవరన్నది నెలాఖరుకు చెప్తామనీ అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో ఇద్దరూ ఆ మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. మిర్చీ బజ్జీలో వాము వేస్తే బాగుంటుందా, వేయకపోతే బాగుంటుందా అని ఛత్రినాక వచ్చేదాకా వాదించుకున్నారు.

ఇంటికొచ్చి డానియేలు తల్లి నీలమ్మతో, "ఇద్దరిలో ఒకర్ని తీసేస్తరంట," అన్నాడు. నీలమ్మ సర్కారు దవాఖానాలో ఆయమ్మ. రెండోవాడు ఎవరని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు. ఆమె మూడు శుక్రవారాలు ఉపవాసం ఉండి, చర్చిలో ప్రార్థన పెట్టెలో కొడుకు పేరు చీటీ మీద రాసి వేసింది. డానియేలూ మోకరించి, "నా పేరే ఉంచు ప్రభువా," అని అడిగాడు. అడుగుతుంటే శ్రవణ్ మొహం కనబడింది. కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

నెలాఖరుకు డానియేలు ఉన్నాడు, శ్రవణ్ పోయాడు.

"పాత కోడు నీకే బాగా తెలుసు, అందుకే ఉంచాం," అన్నాడు మేనేజర్. అక్కడే డానియేలుకు బుర్ర తిరిగింది. కొత్తది నేర్చుకోవడానికి బద్ధకించి పాతదాన్నే పట్టుకుని వేలాడినవాడు తను. రాత్రింబవళ్ళు కూర్చుని కొత్తది నేర్చుకున్నవాడు శ్రవణ్. తీరా కంపెనీ కొత్తది వద్దనుకుంది. ఇది ప్రార్థనకు వచ్చిన జవాబా, బద్ధకానికి దొరికిన బహుమానమా? దేవుడు తన బద్ధకాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడా? ఎటు తిప్పి చూసినా అతనికి తేలలేదు.

శ్రవణ్ ఉద్యోగం పోయిన సంగతి ఓదెలు గడప దాటలేదు. గల్లీలో అందరూ పిల్లవాడు ఇంటి నుంచే పని చేస్తున్నాడనుకున్నారు. అలాగే అనుకున్న నీలమ్మ, కొడుకు ఉద్యోగం నిలిచినందుకు కృతజ్ఞత కూడిక పెట్టుకుని తనే స్వయంగా వెళ్ళి శ్రవణ్‌ను పిలిచి వచ్చింది.

"కూడిక ఎందుకే అమ్మా?" అన్నాడు డానియేలు.

"ఎందుకేందిరా? అడిగేటప్పుడు మోకాళ్ళు కాయలు కాయంగ అడిగినం. ఇచ్చినంక నోటితోని చెప్పొద్దా? నువ్వే నిలబడి సాక్ష్యం చెప్పాలె."

ఏమడిగారో, ఎట్లా దొరికిందో మేలు పొందినవాడే నలుగురిలో చెప్పాలి. అది వాళ్ళ పద్ధతి. శనివారం సాయంత్రం గల్లీలో షామియానా వేశారు. బగారా అన్నం వాసన మూలమలుపు దాకా వచ్చింది. శ్రవణ్ ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి, వెనక వరుసలో కూర్చున్నాడు. అతన్ని చూడగానే, వారం రోజులుగా కూడబలుక్కున్న మాటలు డానియేలుకు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"మా ఆఫీసుల ఇద్దరిలో ఒకరు ఉండాలె అన్నరు," అని మొదలుపెట్టాడు. "నేను... ప్రార్థన చేసిన. నేను ఉన్న."

"స్తోత్రం!" అన్నారు ముందు వరుస ఆడవాళ్ళు.

పాస్టరు ప్రకాశం మంచిమనిషి. "ఆ రెండో తమ్ముని కోసం గూడ ప్రార్థన చేద్దాం. పేరు చెప్పు బాబూ," అన్నాడు.

డానియేలు మైకు పట్టుకొని నిలబడ్డాడు. చెబితే స్నేహితుని పరువు పోతుంది. చెప్పకపోతే ఈ సాక్ష్యం సగం అబద్ధం. నీలమ్మ ముందు నుంచి, "చెప్పురా, పేరు తెల్వదా?" అని సైగ చేస్తోంది.

వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. "శ్రవణ్, సార్. నేనే," అన్నాడు శ్రవణ్ లేచి. "ప్రార్థన జర పెద్దగ చేయున్రి. మూడు నెలలాయె."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. నీలమ్మ కొడుకును చూసిన చూపు మాత్రం అతను చాలా కాలం మరచిపోలేదు. పాస్టరు శ్రవణ్ పేరు చెప్పి, నిజంగానే పెద్దగా ప్రార్థన చేశాడు.

భోజనాల దగ్గర శ్రవణ్ పళ్ళెం పట్టుకొని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు నీ పేరే అడిగినవా?"

"ఆఁ," అన్నాడు డానియేలు, తల ఎత్తకుండా.

"నేను గూడ గంతే. నా పేరే ఉండాలె, బోనం ఎత్తిస్త అని అమ్మోరికి మొక్కిన. నీ మాట యాదికే రానియ్యలే."

"మరి..."

"మరేందిరా? ఆ మేనేజర్ ఎవరికి మొక్కిండో కనుక్కోవాలె." శ్రవణ్ నవ్వాడు, కానీ అన్నం మెతుకులు వేళ్ళతో ఊరికే చిదుముతున్నాడు.

నీలమ్మ వచ్చి శ్రవణ్ పళ్ళెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది. కొడుకు పళ్ళెం వైపు చూడలేదు. "నాకు తెలిస్తే ఇద్దరి పేర్లు రాసేదాన్ని గద," అంది. ఇద్దరి పేర్లు రాస్తే ఏమై ఉండేదో డానియేలు ఊహించబోయి మానుకున్నాడు. ఉన్నది ఒకటే చోటు. స్నేహితుడు కూడా తనలాగే అడిగాడని తెలిశాక మనసు తేలికపడాలి కదా, ఎందుకు పడలేదో కూడా అతనికి అర్థం కాలేదు.

చలికాలంలో శ్రవణ్‌కు మలక్‌పేటలోని ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. డానియేలు ఆ పాత కోడుతో అదే కంపెనీలో ఉన్నాడు. ఆదివారం తల్లి వెంట చర్చికి వెళ్తాడు. అందరూ మనవులు చెప్పుకునే వేళ అతను మాత్రం ఏమీ అడగడు.