పచ్చళ్ళ సుబ్బరావమ్మ

నరసరావుపేట దాటి, చిలకలూరిపేట దగ్గరపడుతుండగా మా బస్సు ముందు చక్రం పంక్చరైంది. రెండు వేల మూడు ఫిబ్రవరి. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. దిగినవాళ్ళమంతా తుమ్ముకుంటూ టీకొట్టు దగ్గర చేరాం. అదే బస్సు కోసం అక్కడొకావిడ నిలబడి ఉంది. నలభై మూడేళ్ళుంటాయి, ఒళ్ళున్న మనిషి, చేతిలో మందుల చీటీలున్న ప్లాస్టిక్ సంచి.

"టీ తాగమ్మా" అన్నాను.

"వద్దు బాబాయ్ గారూ. చిలకలూరిపేటలో పరగడుపున రక్తం ఇవ్వాలి. పది దాటితే డాక్టరమ్మ గుంటూరెళ్ళిపోద్ది, మళ్ళీ నెలకిగానీ రాదు. నా మాత్రలేమో నిన్నటితో అయిపోయినై."

"షుగరా?"

"ఇంకా రాలేదంట. వాకిట్లో నిలబడి ఉందంట."

అడిగి తెలుసుకోవడం నాకున్న రోగం. అడిగాను, చెప్పింది.

పేరు సుబ్బరావమ్మ. పెళ్ళైన కొత్తల్లో నెలసరి మూడు నెలలకో అయిదు నెలలకో వచ్చేది. ఒక డాక్టరు చూసి, అండాశయాల్లో నీటిబుడగలున్నాయని పిల్లలు పుట్టడానికి మందులిచ్చాడు. ముప్ఫై దాటినా పుట్టలేదు. "ఇంక వదిలెయ్యండి" అన్నాడట, భర్త బుల్లయ్యతో. ఆమెతో కాదు, భర్తతో! బిడ్డ రాని కడుపుకి వైద్యమెందుకని కాబోలు. ఆ కడుపు ఒక మనిషిదనీ, ఆ మనిషి ఇంకో నలభయ్యేళ్ళు బతకాలనీ ఆయనకి తోచలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఎవరూ ఆమె రక్తం చూడలేదు. మెడ నల్లబడింది. మురికి అన్నారు. సున్నిపిండి పెట్టి, పీచు పెట్టి, తోలు లేచేదాకా రుద్దుకుంది పిచ్చితల్లి! మూత్రానికి చీమలు పడితే చూసి జబ్బు పోల్చిన వైద్యులు ఈ దేశంలో ఎన్నడో ఉన్నారని కుర్రతనంలో చదివి తెగ పొంగిపోయాను. ఏం లాభం? ఎదురుగా తిరిగే ఆడమనిషి మెడ చూసే నాథుడు లేకపోయాడు.

అంతకంటే ఘోరం పచ్చళ్ళు. బయట ఉన్న ఆడది, అంటే నెలసరిలో ఉన్నది, జాడీ తాకితే పచ్చడికి బూజు పడుతుందని ఆ ఊరి నమ్మకం. సుబ్బరావమ్మ ఎప్పుడోగాని బయట ఉండదు. దాంతో పండుమిరప దంచాలన్నా, ఆవకాయ కలపాలన్నా ఇంటింటికీ ఆమే కావలసి వచ్చింది. "అదృష్టవంతురాలివే" అనేవాళ్ళట. రోగాన్ని పట్టుకుని అదృష్టమంటారా! నేనెన్ని ఊళ్ళు తిరిగానో, ఎందరి వంటిళ్ళలో తిన్నానో. బూజు పట్టిన ప్రతి ఇంట్లోనూ నాకు కనిపించింది తడి గరిటె. ఆ గరిటెని మూడు రోజులు మూల కూర్చోబెట్టినవాళ్ళు మాత్రం ఒక్కరూ కనపడలేదు.

కిందటేడు నీరసం ఎక్కువై వెళితే, చిలకలూరిపేటకొచ్చే ఈ డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంది, ఒళ్ళే దాని మాట వినడం లేదు. ఆ బుడగలకీ, నల్లబడ్డ మెడకీ దీనితోనే చుట్టరికం. పిల్లల మాట ముగిసినా ఇది ముగిసేది కాదు, వదిలేస్తే షుగరొస్తుంది. రోజూ మాత్రలు, అన్నం తగ్గించి పప్పూ కూరా ఎక్కువ తినడం. ఆర్నెల్లకి నడుం తగ్గింది, ఆయాసం తగ్గింది, నెలసరి నెలనెలా రాసాగింది. ఊరికి నచ్చనిది ఆ చివరిదే.

"పచ్చళ్ళ కాలం అయ్యేదాకా మాత్రలు ఆపరాదా అంది బాబాయ్ గారూ, మా వెంకటేశ్వరమ్మ గారు."

ఆవిడ పెద్ద కమతం ఇల్లాలట. ఇంతలో ఆవిడే ఊళ్ళోంచి గబగబా వచ్చింది.

"ఏమే! బస్తా కాయ తొడిమలు తీయించి రోటి దగ్గర పోయిస్తే, నువ్విక్కడ షికార్లా?"

"ఆసుపత్రికండీ."

"వచ్చే నెల పోదువుగాని. ఇన్నేళ్ళూ ఆ మాత్రల్లేకుండా బతకలేదా? నా కాయ మెత్తబడిపోద్దే!"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమ్మా, మీ కాయ ఒక్క పూట ఆగలేదుగాని, ఆమె ఒళ్ళు నెల్లాళ్ళు ఆగాలా?"

"మీరెవరండీ మధ్యలో? బస్సు బాగైతే ఎక్కి పోక!" అంటూ ఆవిడ సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుంది. "పద, పద."

"నేను బయటున్నానండీ" అంది సుబ్బరావమ్మ. గొంతేమీ తగ్గించలేదు, టీకొట్టు దగ్గర ఇరవై మంది విన్నారు. "నిన్నట్నించి."

వెంకటేశ్వరమ్మ నిప్పు తగిలినట్టు చెయ్యి వదిలేసింది. "ముందు చెప్పి చావొద్దుటే! తెల్లారే తలంటుకున్నా. మళ్ళీ పోసుకోవాలి నీ మూలాన!"

తొమ్మిది దాటింది. క్లీనరు ఇంకా జాకీ కోసం వెతుకుతున్నాడు. చిలకలూరిపేట ఇంకా నాలుగు కిలోమీటర్లు. ఒక మనిషి జబ్బు నయమవుతుంటే తలంటి పాడైందని ఏడుస్తారేమిటని నేను వెంకటేశ్వరమ్మ మీదికి లేచాను. ఆవిడా తక్కువ తినలేదు, నా వయసుకి గౌరవం కూడా లేకుండా దులిపేసింది. సుబ్బరావమ్మని సాక్ష్యానికి పిలుద్దామని తిరిగి చూస్తే పక్కన లేదు. సంచి చంకన పెట్టుకుని, అప్పటికే కల్లాలు దాటి, వెనక్కి చూడకుండా పేట వైపు నడిచిపోతోంది.