ఏడున్నర టైర్ల సుక్రు

ఆ రోజు సుక్రు నోరు మూసుకుని నిలబడి ఉంటే ఏం పోయేది? పాతికేళ్లుగా ఈ ప్రశ్నను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, దిగిపోయిన తర్వాతా, చేతికందిన పుస్తకమల్లా చదివాను. మనిషి అబద్ధం ఎందుకు ఆడతాడో చెప్పిన పుస్తకాలు చాలా ఉన్నాయి. అంతా అమిరిన అబద్ధాన్ని ఆఖరి నిమిషంలో కాలదన్ని ఎందుకు పోతాడో చెప్పినది ఒక్కటీ కనబడలేదు.

తొంభైల్లో నేను అరకు నుంచి పాడేరు వెళ్లే రోడ్డు మీద ఒక సంత ఊళ్లో పోస్టుమాస్టరుని. సుక్రుది జాకరపుట్టు. తారు రోడ్డు నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి. మధ్యలో ఒక గెడ్డ అడ్డం. దాని మీద వంతెన కాగితాల్లో రెండుసార్లు కట్టారు. రెండోసారి కట్టినది మొదటిదాని కంటే వెడల్పు అని చెప్పుకునేవారు. గెడ్డ మాత్రం ఆ రెండింటి కిందా ఎప్పటిలాగే పారేది.

సుక్రు కుర్రతనంలో కూపు లారీకి క్లీనరు. కలప మోసే లారీ మీదే డ్రైవింగు నేర్చుకున్నాడు. తర్వాత పన్నెండేళ్లు పరాయివాళ్ల జీపుల స్టీరింగు పట్టాడు. తొంభై నాలుగులో ఏదో పథకం కింద, బ్యాంకు లోనుతో, జీపు ఒకటి అతని పేరు మీదకి వచ్చింది. చదువు రాదు. అయినా రిజిస్ట్రేషన్ బుక్కు ప్లాస్టిక్కు కవరులో పెట్టుకుని, తన పేరున్న చోట వేలు పెట్టి, "ఇదుగో బాబూ, ఇది నానే" అని చూపించేవాడు. వేలు ఒక్కోసారి ఇంజను నంబరు మీద పడేది. నేను దిద్దలేదు.

ఆ బుక్కులో టైరు సైజు కూడా రాసి ఉంది. ఆరు నంబరు, పదహారు అంగుళాల చక్రం. తారు రోడ్డుకి బాగానే సరిపోయేది. మొదటి వానాకాలంలో గెడ్డలోకి దిగేసరికి జీపు వెనక ఇరుసు గుండు రాళ్ల మీద కూర్చునేది, చక్రాలు గాల్లో తిరిగేవి. అప్పుడు పాసింజర్లు దిగి జీపుని ఎత్తి అవతలి గట్టున పెట్టి మళ్లీ ఎక్కేవారు. జీపు మనల్ని మోసినందుకు డబ్బులిస్తున్నాం, మనం జీపుని మోసినందుకు ఎవరిస్తారని సంతలో తగువు కూడా నడిచింది.

మరుసటి ఏడు సుక్రు పార్వతీపురం వెళ్లి, విప్పేసిన వ్యానువి నాలుగు ఏడున్నర నంబరు టైర్లు తెచ్చాడు. అవి మడ్‌గార్డుకి ఒరుసుకుంటున్నాయని ఉలితో మడ్‌గార్డులు చెక్కేశాడు. కింద బరువు మోసే కమాన్లకి రెండేసి ఇనప పట్టీలు అదనంగా వేయించాడు. జీపు జానెడు ఎత్తు లేచింది. ముసలమ్మలు ఎక్కడానికి ఒక పీట కొత్తగా చేరింది. గెడ్డలో జీపు ఎనుములా నడిచి అవతలికెళ్లిపోయేది.

ఇంకో విచిత్రం జరిగింది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలియదు కదా. పాడేరుకి ఇరవై తొమ్మిది కిలోమీటర్లుండే దారి సుక్రు మీటరులో ఇరవై ఆరే చూపించింది. "మా ఊరు దగ్గరికి జరిగింది బాబూ" అని పదిమందికీ చెప్పుకున్నాడు. ప్రభుత్వం యాభై ఏళ్లలో చెయ్యలేని పని నాలుగు పాత టైర్లు చేశాయని నేను నవ్వాను. అతను నవ్వలేదు. మీటరు మీద అతనికి నమ్మకం.

బ్రేకు ఇన్‌స్పెక్టరు నెలకోసారి సంత రోజున రోడ్డు మీద నిలబడేవాడు. తొమ్మిది మంది ఎక్కాల్సిన జీపులో ఇరవై ముగ్గురు, బానెట్టు మీద ఇద్దరు, వెనక వేలాడుతూ ఇంకొందరు. ఆయన తలకాయలు లెక్కపెట్టకుండా ఆకాశం వైపు చూసేవాడు. ఒకసారి మాత్రం పనసకాయ అందడం ఆలస్యమైనట్టుంది, కిందకి చూశాడు.

"ఏరా, టైరు మరీ పెద్దదైపోలేదూ?"

"రోడ్డు పెద్దది సెయ్యండి బాబూ, టైరు సిన్నది సేసేత్తాను."

పనసకాయ వచ్చింది. ఆయన మళ్లీ ఆకాశం వైపు చూశాడు.

తొంభై ఎనిమిది ఆగస్టులో, నాలుగు రోజుల ముసురు తర్వాత, జాకరపుట్టులో సుక్రు ఇంటి పక్క కొండ మీంచి ఒక బండరాయి జారి, నిలబెట్టి ఉన్న జీపు మీద పడింది. ఇంజను, ముందు అద్దం, స్టీరింగు నలిగిపోయాయి. జీపులో మనుషులెవరూ లేరు. జీపు కింద పొదుగుతున్న పెట్ట ఒకటి చచ్చిపోయింది. దానికి ఇన్సూరెన్సు లేదు. జీపుకి ఉంది, లోను ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లు పట్టుబట్టి చేయించారు కాబట్టి.

సుక్రుకి కావలసింది ఒక్కటే. జీపు బాగుపడి మళ్లీ తన పేరు మీద తిరగాలి. క్లెయిము రాకపోతే మళ్లీ పరాయి స్టీరింగే గతి.

ఇన్సూరెన్సు ఏజెంటు వరహాలరావు. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చి మా సంత ఊళ్లో కొట్టు పెట్టిన షావుకారు. ఉప్పు, ఎండుచేపలు అమ్మేవాడు, చింతపండు, పిప్పళ్లు కొనేవాడు, మధ్యలో పాలసీలు రాసేవాడు. అతని పాలసీ కాగితాలకి ఎండుచేపల వాసన ఉండేది. బండిలో మార్పులేమైనా చేశారా అన్న గడిలో అందరికీ "లేదు" అని రాసేసేవాడు. చేతి అలవాటు.

ఇద్దరూ పాలసీ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. చదవడం నా పని అని ఊళ్లో పేరు. వెనక పేజీలో చీమతలకాయలంత అక్షరాలు. చదివి, తెలుగులో చెప్పాను. రిజిస్ట్రేషన్ బుక్కులో ఉన్నట్టు కాకుండా బండిని మార్చి, ఆ సంగతి కంపెనీకి తెలియజేయకపోతే, కంపెనీకి పూచీ లేదు.

"రాయి టైరు మీద పడనేదు కదా బాబూ" అన్నాడు సుక్రు.

"ఆ సంగతి రాయికి తెలుసురా. కంపెనీకి తెలీదు" అన్నాడు వరహాలరావు.

"ఇరవై మూడు మందిని ఎక్కించినందుకు ఏటీ అనరా?"

"ఏటీ అనరు. నిలబడ్డ జీపులో మనుషులుండరు. టైర్లు మాత్తరం నిలబడ్డ జీపుకీ ఉంటాయి."

వరహాలరావే దారి చూపించాడు. నష్టం చూడ్డానికి కంపెనీ సర్వేయరు వచ్చేలోపు జీపుకి ఆరు నంబరు టైర్లు వేసేస్తే సరి. చెక్కిన మడ్‌గార్డులు ఎలాగూ రాయి కింద నలిగిపోయాయి, కమాన్ల పట్టీలు ఎవరూ లెక్కపెట్టరు. ఎక్కడినుంచో నాలుగు అరిగిపోయినవి తెచ్చాడు. వాటిని ఊళ్లోకి ఎక్కించడానికి బండి లేదు. ఇద్దరు మనుషులు కావిళ్లకి చెరి రెండు కట్టుకుని గెడ్డ దాటి మోసుకెళ్లారు. చట్టానికి ఒప్పుదలైన టైర్లు జాకరపుట్టుకి చేరింది అలా, మనుషుల భుజాల మీద.

పెద్ద టైర్లని సుక్రు ఇంట్లో దాచి పైన చోడిగడ్డి కప్పాడు. ఉన్నది ఒక్క గది. అతని భార్య దేముడమ్మ పక్క అరుగు మీదకి మారింది.

"కాపరానికొచ్చింది నానా, ఆ టైర్లా?" అని ఆవిడ వచ్చేపోయేవాళ్లందరినీ అడిగేది.

సర్వేయరు కృష్ణమూర్తి గారు విశాఖపట్నం నుంచి అద్దె జీపులో వచ్చారు. సాక్షి సంతకానికి ప్రభుత్వోద్యోగి కావాలన్నారని నేనూ బయల్దేరాను. అబద్ధానికి సాక్షి సంతకం పెట్టబోతున్నానని నాకు తెలుసు. చొక్కా ఇస్త్రీది వేసుకున్నాను.

ఆయన జీపూ సుక్రు జీపులాంటిదే, కాకపోతే బుక్కు ప్రకారం ఆరు నంబరు టైర్లు. గెడ్డ మధ్యలో ఇరుసు రాతి మీద కూర్చుంది. నీళ్లు తలుపులోంచి వచ్చి ఆయన ఫైళ్లని పలకరించాయి. డ్రైవరుని అక్కడే వదిలి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఆయనా నేనూ మిగిలిన దారి నడిచాం.

ఊళ్లో అంతా సిద్ధంగా ఉంది. ఆయన బండరాయిని కొలిచారు, బానెట్టుని కొలిచారు, ఛాసిస్ నంబరు రుద్ది చూశారు. వంగి టైరు పక్క అంకెలు చదివి బుక్కుతో సరిచూసుకుని టిక్కు పెట్టారు. వరహాలరావు నా వైపు చూసి కన్ను కొట్టాడు. కాగితం నా చేతికొచ్చింది. కలం మూత తీశాను.

అప్పుడాయన నడుం మీద చేతులు పెట్టుకుని, సుక్రుని కింద నుంచి పైదాకా చూశారు. అనుమానంతో కాదు, నిజమైన గౌరవంతో.

"ఇవే టైర్లతో ఆ గెడ్డ రోజూ దాటుతున్నావా? నా డ్రైవరుకి ఇరవై ఏళ్ల సర్వీసు. వాడి వల్ల కాలేదు. నీలాంటి డ్రైవరుని నేను చూడలేదయ్యా!"

సుక్రు తల దించుకున్నాడు. వరహాలరావు, "ఏదో, తమ దయ అనరా" అని గొణిగాడు. పొగడ్త తీసుకుని ఊరుకుంటే జీపు వచ్చేస్తుంది. ఆ ఊళ్లో కోళ్లకి కూడా ఆ సంగతి తెలుసు.

"నాది కాదు బాబూ గొప్ప" అన్నాడు సుక్రు. "ఆ టైర్లతో మా తాత కూడా దాటలేడు."

ఇంట్లోకెళ్లి, గడ్డి లాగేసి, పెద్ద టైరు ఒకటి దొర్లించుకుంటూ తెచ్చి ఆయన ముందు ఆపాడు. "ఇయీ మాయి."

వరహాలరావు అక్కడున్న రోటి మీద కూలబడిపోయాడు. దేముడమ్మ మాత్రం అరుగు మీద నుంచే అందుకుంది. "ఓలమ్మో! ఒకడు మంచి డ్రైవరని అంటే ఒప్పుకోడానికి అంత బరువైపోనాదేటి నీకు?"

"అన్నాడు గాని, నాను దాటనేదు కదే. ఇయి దాటినాయి."

నేను కలానికి మూత పెట్టాను. జ్వరంతో ఏదో వాగుతున్నాడని చెప్పొచ్చు, ఆ టైర్లు మరెవరివో అని చెప్పొచ్చు. ఆ మాటలన్నీ నాకు తర్వాత, పుస్తకం పట్టుకుని కూర్చున్నప్పుడు తోచాయి.

కృష్ణమూర్తి గారు చెడ్డవారు కారు. వేసిన టిక్కుని శుభ్రంగా కొట్టేశారు. తర్వాత గడియారం చూసుకుని, "నా బండి ఎలా?" అన్నారు.

దానికి జాకరపుట్టులో ఒకటే ఉపాయం. సుక్రు, ఇంకో ముగ్గురు కలిసి రెండు పెద్ద టైర్లు గెడ్డలోకి దొర్లించుకెళ్లి, జాకీ కింద రాళ్లు పేర్చి, సర్వేయరు గారి జీపు వెనక చక్రాలకి వేశారు. ముందువి మడ్‌గార్డుకి తగులుతాయని వదిలేశారు. సుక్రే స్టీరింగు పట్టాడు. జీపు ఒక్కసారి గుర్రుమని గట్టెక్కింది.

గట్టు మీద కృష్ణమూర్తి గారికి ఒక సంగతి గుర్తొచ్చింది. పెద్ద టైరు సైజు నోట్ చేసుకోవడం మర్చిపోయారు. తన జీపు వెనకే గొంతుక్కూర్చుని, బురద తుడిచి, అంకెలు చదివి రాసుకున్నారు. అనుమానం లేకుండా టేపు పెట్టి ఎత్తు కూడా కొలిచారు. టేపు రెండో కొస సుక్రే పట్టుకున్నాడు. తారు రోడ్డు చేరాక పెద్ద టైర్లు విప్పి, చిన్నవి వేసి, ఆయన్ని పంపేశాడు. ఆయన సుక్రు చెయ్యి పట్టుకుని ఊపి మరీ వెళ్లారు.

నలభై రోజులకి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. నేనే చదివి చెప్పాను. సదరు వాహనానికి అనుమతించిన సైజు కంటే పెద్ద టైర్లు అమర్చినట్టు యజమాని స్వయంగా ఒప్పుకున్నాడు. సదరు మార్గంలో అట్టి టైర్ల ఆవశ్యకత ఏదీ సర్వేయరు దృష్టికి రాలేదు. కనుక క్లెయిము తిరస్కరించడమైనది.

"రాయి పడ్డప్పుడు జీపు నిలబడుందని రాసినారా?"

"రాశారు."

"ఆయన జీపు గెడ్డలో ఉండిపోయిన సంగతో?"

"అది లేదు."

సుక్రు ఉత్తరం తీసుకుని, కాసేపు తిరగేసి, మళ్లీ నాకే ఇచ్చాడు.

వరహాలరావు ఊరుకోలేదు. అప్పీలు పెడదామన్నాడు. నేనే రాశాను. బాగా రాశానని ఇప్పటికీ అనుకుంటాను. సుక్రు నోటితో చెప్పినట్టు రాశాను: ఆ రోజు నాకు జ్వరం. ఒంటి మీద తెలివి లేదు. పెద్ద టైర్లు నావి కావు, ఎవరో దాచుకోమని ఇచ్చినవి. అన్నీ నమ్మేలాగే ఉన్నాయి. సంత రోజున సుక్రు పోస్టాఫీసుకి వచ్చాడు. మొదటి నుంచి చివరిదాకా చదివించుకున్నాడు. ఒక చోట ఆపి మళ్లీ చదవమన్నాడు.

"నావి కావనే రాసినారా?"

"అలా రాస్తేనే జీపు వస్తుంది సుక్రూ."

"ఏలుముద్దరేసీరా, బేగి. టపా కట్టీ టైమయిపోతంది" అన్నాడు వరహాలరావు.

సుక్రు తల ఊపాడు. "బాగా రాసినారు బాబూ" అన్నాడు. బయట బస్సు హారను వినబడింది. అతను లేచి గడప దాటాడు. చుట్ట కాల్చుకుని వస్తాడనుకుని, నేను వేలిముద్ర డబ్బా మూత తీసి, ఇంకు ఆరకుండా రెండు చుక్కల నీళ్లు వేసి, కాగితం మీద బరువు పెట్టి కూర్చున్నాను. వరహాలరావు ఎక్కడ ముద్ర వెయ్యాలో పెన్సిలుతో గుండ్రంగా గీశాడు.

ఎంతకీ రాకపోతే బయటికొచ్చి చూశాను. పరాయి స్టీరింగులు దొరికే విజయనగరం వెళ్లే బస్సు మలుపు తిరుగుతోంది. వెనక సీట్లో దేముడమ్మ, ఒళ్లో మూట. పక్కన సుక్రు, ముందుకే చూస్తూ. చెయ్యెత్తి పిలిచాను. బస్సు దాటిపోయింది.