రసాన్ని కోసుకు తినే మాస్టారు

బసవపున్నారావు మాస్టారికి మామిడిపండు తినడం రాదు. ముసునూరులో పుట్టి, తల్లి పున్నమ్మగారికి అంత తోట ఉండి, రసానికీ బంగినపల్లికీ తేడా తెలియని మనిషి ఉంటాడంటే నమ్ముతారా? కోసుకోవాల్సిన బంగినపల్లిని పిసికి పిసికి మూతికి పెట్టుకునేవాడు. పిసికి జుర్రాల్సిన చిన్నరసాన్ని కత్తితో కోసి, ముక్కలు రావడం లేదని కత్తిని తిట్టేవాడు. తోటి మాస్టర్ని కదా, పక్కన కూర్చున్న పాపానికి నా చొక్కాలూ పాడయ్యాయి.

అరవై రెండులో మైలవరానికి పెళ్లిచూపులకు వెళ్లాం. అక్కడా కత్తి అడిగి మరీ రసాన్ని కోశాడు. అది చిమ్మి పిల్ల తండ్రి కళ్లజోడు మీద పడింది.

"అబ్బాయి ఏం చదివాడన్నారు?" అన్నాడాయన అద్దాలు తుడుచుకుంటూ.

"మద్రాసులో స్పెషల్ ట్రైనింగండీ. మాట పెగలని పిల్లలకీ, చదువు నెమ్మదిగా ఎక్కే పిల్లలకీ పాఠాలు చెప్పడానికి" అన్నాను.

"ముందు ఈయనకెవరైనా చెప్పాల్సింది."

సంబంధం అక్కడితో సరి. పున్నమ్మగారు తల బాదుకున్నారు. బండి తోలుకొచ్చిన సాంబయ్య మొహం తిప్పుకుని నవ్వాడు. వాడితో బండిలో వచ్చిన కూతురు నాగమణి మాత్రం గుమ్మం పక్కన నిలబడి మాస్టారి చేతి వంకే చూస్తోంది.

ఆ పిల్ల మాస్టారి క్లాసే. ఇంట్లో గుసగుసగా మాట్లాడేది, బయట మాత్రం నోరు విప్పేది కాదు. "సెలవులిచ్చేలోగా ఒక్క మాటైనా పలక్కపోతే పేరు కొట్టేస్తానండీ. మూగపిల్లకి చదువేంటి?" అని హెడ్మాస్టరు ప్రభాకరరావుగారు తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది కానీ ఏం లాభం?

సెలవులిచ్చే రోజు తోటలున్నవాళ్లు బడికి పళ్లు పంపడం మా ఊరి ఆనవాయితీ. వరండాలో బుట్ట ముందు కూర్చుని మాస్టారు కత్తి తీశాడు.

"ఆహా, ఏం బంగినపల్లండీ!" అంటూ చిన్నరసాన్ని నిలువునా కోశాడు. హెడ్మాస్టరుగారి తెల్ల పంచె పసుప్పచ్చనైంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. మాస్టారు ఇంకోటి కోశాడు. మూడోదాని మీద కత్తి పెట్టేసరికి నాగమణి వచ్చి పండు లాక్కుంది.

"కొయ్యకూడదండీ! ఇది రసం! పిసికి తినాలి!"

"మరి ఇదో?"

"అది బంగినపల్లి! అదీ కొయ్యాల్సింది! ఎన్నిసార్లండీ!"

ప్రభాకరరావుగారు పంచె తుడుచుకోవడం మానేసి, "పేరు ఉంచుతాన్లెండి" అని గొణిగారు.

సాయంత్రం ఇద్దరం తోటలోంచి నడిచి వస్తున్నాం. మాస్టారు రాలిన పండొకటి తీసి తొడిమ దగ్గర వాసన చూశాడు. "గట్టు మీది చెట్టు చిన్నరసం. ఇంకో రోజు మాగాలి" అన్నాడు.

నేను ఆగిపోయాను. "మీకు తెలుసా?"

"అందరూ నాగమణిని దిద్దేవాళ్లేనండీ. అది దిద్దడానికీ ఒక మనిషి ఉండొద్దూ?"

"మరి మైలవరం సంబంధం?"

"నాగమణి గుమ్మంలోనే ఉందిగా. పెదవి కూడా కదిపింది. అప్పుడెలా మానను?"

"సరే, ఇకనైనా పండు సరిగ్గా తినండి. పెళ్లవుతుంది."

"అవుతుంది గానీ, నా క్లాసులో ఆంజనేయులు ఇంకా నోరు విప్పలేదండీ. వాడికి పళ్లు పట్టవు. ఎడ్లంటే ప్రాణం."

మర్నాడు పున్నమ్మగారి కేకలకు పరిగెత్తాను. వీధిలో మాస్టారు ఎడ్ల మొహాలు బండి వైపు తిప్పి కాడి కడుతున్నాడు. ఎదురు అరుగు మీద ఆంజనేయులు ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.