ఇల్డమ్మ తమ్ముడి ఉత్తరాలు

మా చిన్నప్పుడు... సాయంత్రం కాఫీ తాగడం అవగానే ఇల్డమ్మ వెనక వసారాలో కూర్చుని ఒక ఉత్తరం విప్పేది. నేను గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ వినేదాన్ని. ఆమె చదివేది జర్మన్ భాష... నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ చదవడం మొదలుపెట్టగానే ఆమె గొంతు మారిపోయేది. ముసలి గొంతు కాస్తా బరువెక్కి, ఎవరో కుర్రవాడు ఆమె లోపల కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఇల్డమ్మ అసలు పేరు హిల్డా. ఎప్పుడో జర్మనీ నుంచి నర్సుగా మదనపల్లెకు వచ్చింది. పని మానేశాక కూడా ఇక్కడే ఉండిపోయింది. మా అమ్మ ఆ ఇంట్లో వంట చేసేది. బడి వదిలితే నేనూ అక్కడికే...

ఆ ఉత్తరాలు ఆమె తమ్ముడు ఎర్విన్‌వి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సిపాయిగా పోయి, ఎక్కడో మంచులో ఉండి వాళ్లమ్మకు రాసినవి. మనిషి తిరిగి రాలేదు. ఎక్కడ పడిపోయాడో, ఎవరు పూడ్చారో కూడా తెలియలేదట. వాళ్లమ్మ పోయాక ఆ కట్ట ఈమెకు చేరింది. రోజుకొకటి చదివేది. కట్ట అయిపోతే మళ్లీ మొదటికి...

వినీ వినీ నాకు నోటికి వచ్చేశాయి. ప్రతి ఉత్తరమూ ‘లీబె ముత్తర్’ అని మొదలయ్యేది. ‘ప్రియమైన అమ్మా’ అని అర్థమట. అంతకు మించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

కొన్నాళ్లకు ఆమె చూపు పోయింది. దాంతోపాటే జ్ఞాపకమూ సన్నగిల్లింది. అయినా సాయంత్రం కాగానే కాగితం ఒళ్లో పరచుకుని కూర్చునేది. ఒకరోజు ‘లీబె ముత్తర్’ అని ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి... మాట రావడం లేదు. చూడలేక నేను తర్వాతి ముక్క అందుకున్నాను. ఉత్తరమంతా చెప్పేశాను.

ఆమె ఒళ్లో కాగితాన్ని తడిమింది. తర్వాత మెల్లగా, “ఇంకొకటి” అంది.

ఆ రోజు నుంచి అది నా పనైంది. కాగితం ఆమె ఒళ్లో... మాట నా నోట్లో. నాకు సరదాగానే ఉండేది. ఒకసారి అమ్మ వంటింట్లోంచి వచ్చి, తలుపు దగ్గరే నిలబడిపోయి వింది. ఇంటికి నడిచి వస్తూ అడిగింది.

“యాల అట్లా మాట్లాడతాండావు పాపా?”

“ఎట్లా మా?”

“ఆ గొంతు నీది గాదు. మొగోడి గొంతు.”

అప్పటిదాకా లేని భయం నాకు ఆ మాటతో పట్టుకుంది.

మర్నాడే నన్ను బస్సెక్కించి పుంగనూరులో మా అవ్వ దగ్గర వదిలింది. అవ్వ అంతా విని నా మెడకు తాయెత్తు కట్టించింది. “సచ్చినోళ్ల మాటలు నోట్లో పెట్టుకోకూడదమ్మా. వాళ్లు పోవాల్సిన సోటికి పోలేరు. ఈడే కూసుంటారు,” అని నా గొంతు మీద వేలు పెట్టింది. ఆ తర్వాత అన్నం మింగుతుంటే కూడా... అక్కడ ఎవరో ఉన్నట్టే అనిపించేది.

కొన్ని రోజులకు అమ్మే వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

“ఆమె మెతుకు ముట్టడంలేదు మా. ఎర్విన్ యాడికి పోయినాడు, ఎప్పుడొస్తాడు అని అడగతానే ఉండాది. సూస్తా ఊరుకోలేకుండా ఉండా,” అంది అవ్వతో.

“పిల్లకేమన్నా అయితే?”

“నేను పక్కనే ఉంటా.”

అవ్వ ఒప్పుకోలేదు... అడ్డమూ చెప్పలేదు.

మేం మదనపల్లె చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గదిలో మాత్రం చల్లగా ఉంది. ఇల్డమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని ఒక ఉత్తరం మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపి, జర్మన్‌లో ఏదో అడిగింది. నాకేం తెలుసు... ఉత్తరాల్లోంచి నోటికొచ్చిన ఒక ముక్క చెప్పాను. ఆమె నవ్వింది. మళ్లీ అడిగింది. ఇంకో ముక్క చెప్పాను. తల ఊపింది. అలా మేమిద్దరం మాట్లాడుకున్నాం... ఏం మాట్లాడుకున్నామో నాకు తెలియదు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకునే ఉంది.

చివర్లో ఒక ముక్క అన్నాను. ఇల్డమ్మ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి తడుముకుని పట్టుకుని, తెలుగులో అడిగింది.

“ఇది ఏ ఉత్తరంలోనూ లేదు. నీకు ఎవరు చెప్పారు?”

“ఏది?” అన్నాను.

“చలి వేస్తోంది అక్కా, కిటికీ వెయ్యి... అని. ఎర్విన్ చిన్నప్పుడు పడుకునే ముందు రోజూ అనేవాడు.”

అమ్మ వెళ్లి కిటికీ మూసింది. ఆ తర్వాత ఇల్డమ్మ లేచి కూర్చుని అమ్మ చేతి రాగిజావ తాగింది.

ఆమె ఎప్పుడో కలవరిస్తుంటే ఆ ముక్క నా చెవిన పడి ఉంటుందని పెద్దయ్యాక సర్దిచెప్పుకున్నాను... అంతకంటే ఏం చెప్పుకోను?

వారం తిరక్కుండానే ఇల్డమ్మ పోయింది, నిద్రలోనే. తను ముందే చెప్పిపెట్టిన ప్రకారం ఆ ఉత్తరాల కట్టను కూడా ఆమెతోపాటే పూడ్చిపెట్టారు. నెలరోజులు అమ్మ నన్ను గట్టిగా పాఠం కూడా చదవనివ్వలేదు.

తర్వాత పైక్లాసుల్లో ఆ యుద్ధం గురించి చదివాను. జర్మనీ సిపాయిలు పోయిన ఊళ్లలో జనాన్ని ఎలా చంపారో పుస్తకంలో ఉంది. ఎర్విన్ అందులో ఏం చేశాడు... నేను అంత ముద్దుగా అప్పజెప్పినవి ఏం మాటలు?

ఇప్పుడు కుప్పంలో ఉంటున్నాను. పక్కింటి అమ్మాయి నర్సు ఉద్యోగానికని ఫోనులో జర్మన్ నేర్చుకుంటోంది. గోడ అవతల్నుంచి ఒక్కో పదం వినిపిస్తుంటే నా పెదాలు వాటంతటవే కదులుతాయి. పిలిచి, నోటికున్న ఉత్తరాలు చెప్పి అర్థం అడగొచ్చు. అడిగితే ఎర్విన్ ఏం రాశాడో తెలిసిపోతుంది... ఏం రాయకుండా దాచాడో కూడా. ఇంకా అడగలేదు.

ఈ రోజుల్లో పోయినవాళ్ల గొంతులు ఫోనుల్లో భద్రంగా ఉంటున్నాయి, మీట నొక్కితే చాలు. అప్పట్లో అలా దాచుకోవాలంటే ఇంకో మనిషి నోరే కావలసి వచ్చేది... మీలో ఎవరి దగ్గరైనా అలా మరొకరి మాటలు ఉండిపోయాయా? ఉంటే చెప్పండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.