మావారు సైకిలు నేర్చుకున్న దీవి

పెళ్ళయిన నాలుగో నెలలో ఆస్ట్రేలియా వచ్చాను. మా వైపు వాళ్ళందరూ సిడ్నీయో మెల్‌బోర్నో అనుకున్నారు. మావారి ఉద్యోగం మాత్రం ఉత్తరాన, ఎండలు మండిపోయే టౌన్స్‌విల్‌లో. అక్కడ ఒక ఆఫీసులోని పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పంతొమ్మిది వందలనుకుని తికమకపడతాయని అప్పట్లో లోకమంతా భయం. ఆ రెండంకెల్ని వెతికి నాలుగు చేయడమే ఈయన పని. పొద్దున ఏడున్నరకి వెళితే చీకటి పడ్డాకే ఇంటికి రావడం.

నాకు పని లేదు, తెలిసినవాళ్ళూ లేరు. తెనాలిలో మూడేళ్ళు కాలేజీకి సైకిలు మీద వెళ్ళొచ్చినదాన్ని, ఇక్కడ బస్సు కోసం గంట సేపు ఎండలో నిలబడాల్సి వచ్చేది. మా వంటింటి కిటికీలోంచి సముద్రంలో ఒక దీవి కనిపించేది. కొండల మీద ఎప్పుడూ ఏదో ఒక మబ్బు తునక ఆగి ఉండేది. దాని పేరు మాగ్నెటిక్ ఐలాండ్ అని ఈయనే చెప్పారు.

"ఆదివారం వెళ్దామండీ" అన్నాను.

ఫెర్రీ దిగగానే, రేవు పక్కనే ఒక రేకుల షెడ్డు, అందులో అద్దె సైకిళ్ళు. వాటిని చూసుకునే ముసలాయన ఆ దీవిలోనే పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరయ్యాడట. ముందు బుట్ట ఉన్న ఆకుపచ్చ లేడీస్ సైకిలు చూడగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నువ్వు వెళ్ళిరా. ఆఫీసు ప్రింటవుట్లు తెచ్చుకున్నా, చదువుకుంటూ ఇక్కడే కూర్చుంటా" అన్నారు ఈయన.

జడ మీద హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో ఆ పెద్దాయనే చూపించాడు. చున్నీ నడుముకి బిగించి బయల్దేరాను. కొండ మొదట్లోంచి సన్నటి తారు రోడ్డు, కుడి పక్కన కింద సముద్రం, ఎడమ పక్కన ఎవరో పేర్చి పెట్టినట్టు గుండ్రటి పెద్ద పెద్ద బండరాళ్ళు. పావుగంటకొక కారు వస్తే ఎక్కువ. ఎక్కుడు రాగానే దిగి తోసుకుంటూ పోయాను, దిగుడులో పెడలు తొక్కకుండా వదిలేశాను. పెళ్ళయ్యాక ఒక్కదాన్నే ఏదైనా చేయడం అదే మొదటిసారి. గట్టిగా పాడుకున్నాను కూడా. టైము చూసుకోలేదు.

తిరిగి వస్తుంటే మొదటి ఎక్కుడు మధ్యలో ఈయన కనిపించారు. ఆఫీసు బూట్లతో, తడిసి ఒంటికి అంటుకుపోయిన చొక్కాతో, చేతిలో నీళ్ళ సీసాతో నడిచి వస్తున్నారు.

"నువ్వెళ్ళి మూడు గంటలైంది. ఎక్కడైనా పడ్డావేమోనని..."

"మీరూ ఒక సైకిలు తీసుకుని రావచ్చు కదా!"

"నాకు రాదు."

"ఏం రాదు?"

"సైకిలు."

పకపకా నవ్వేశాను. ఆయన నవ్వలేదు. నీళ్ళ సీసా నాకిచ్చి, నా చేతిలోంచి సైకిలు తీసుకుని తోసుకుంటూ ముందు నడిచారు.

ఫెర్రీలో తనే చెప్పారు. వాళ్ళ ఊరినుంచి హైస్కూలుకి నాలుగు మైళ్ళట. రెండేళ్ళు పెద్దదైన వాళ్ళక్క సైకిలు తొక్కేది, ఈయన వెనక క్యారేజీ మీద కూర్చునేవారు. అక్క ఇంటర్‌కి వచ్చినా అదే ఊళ్ళో కాలేజీ కాబట్టి ఈయన టెన్త్ అయ్యేదాకా అలాగే సాగింది. మగపిల్లలందరూ ఈయన్ని 'లగేజీ' అని పిలిచేవారట.

"నేర్చుకోవాల్సిన వయసులో వెనక కూర్చున్నా. తర్వాత ఎవర్నయినా అడగాలంటే సిగ్గేసింది" అన్నారు.

నవ్వినందుకు నాకే సిగ్గేసింది. ఆయన చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు కూడా ఆఫీసే అయిపోయాయి. కొత్త సంవత్సరం రోజు పొద్దున తొమ్మిదింటికి, మిగిలిన పిజ్జా డబ్బా పట్టుకుని ఇంటికొచ్చారు. "ఏమీ కాలేదు" అన్నారు. కష్టపడి పనిచేస్తే ఏమీ కాకపోవడమే కదా కావాల్సింది! అయినా ఆ గొంతులో ఏదో వెలితి. ఫిబ్రవరిలో కాంట్రాక్టు ముగిసింది, ఇక పొడిగించలేదు.

ఇంట్లో ఉన్నా పొద్దున్నే లేచి చొక్కాలు ఇస్త్రీ చేసుకునేవారు. ఊరూరికీ రెజ్యూమెలు పంపి ఫోను పక్కనే కూర్చునేవారు. నాలుగు రోజులు చూశాను. అయిదో రోజు, "రేపు దీవికి వెళ్దాం, మీకు సైకిలు నేర్పుతా" అన్నాను.

"ముప్ఫయ్యేళ్ళొచ్చాక నేర్చుకుంటుంటే జనం నవ్వరూ?"

"అక్కడ జనం ఎవరున్నారండీ?"

పోస్ట్‌మ్యాన్ పెద్దాయన సంగతి విని వెంటనే లేచాడు. ఒక సైకిలు సీటు బాగా కిందికి దించి, కాళ్ళు నేలకి ఆనితే సగం భయం పోతుందన్నాడు. కొండ వెనక వైపు వెళ్ళే చదును రోడ్డు చూపించాడు. దాని మీద ఇళ్ళు కూడా పెద్దగా లేవు. ఒక పక్క మడచెట్లు, ఇంకో పక్క పొడుగాటి యూకలిప్టస్ చెట్లు. వానలు పడే రోజులు కదా, రోడ్డు మీంచి ఆవిరి లేస్తూ ఉండేది.

సీటు పట్టుకుని వెనక పరుగెత్తాను. ఆయన చూపంతా ముందు చక్రం మీదే.

"కిందికి చూడకండి, దూరంగా చూడండి!"

"దూరంగా ఏముందని చూడను?"

ఆ మాట సైకిలు గురించి కాదని అర్థమైంది. "అదుగో, ఆ వంగిన చెట్టుంది. దాన్ని చూడండి చాలు" అన్నాను.

మూడో రోజు పక్క కాలవలో పడ్డారు. మోకాళ్ళదాకా బురద. అటుగా వస్తున్న ఒక పెద్దావిడ కారు ఆపి, ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. ఈయన బురదలోంచే, "ఐ యామ్ లెర్నింగ్" అన్నారు. ఆవిడ నవ్వలేదు. "గుడ్ ఆన్ యూ" అని మెచ్చుకుని, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయారు.

ఆ మరుసటి వారం ఒక రోజు సీటు వదిలేశాను. ఆయన పోతూనే ఉన్నారు, మలుపు తిరిగి కనపడకుండా పోయారు. రొప్పుతూ వెళ్ళేసరికి సైకిలు చెట్టుకి ఆనించి, గడ్డిలో కూర్చుని ఉన్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేను వదిలేశాను, తెలుసా?"

"వదలగానే తెలిసింది. చెప్తే మళ్ళీ పట్టుకుంటావని ఊరుకున్నా."

ఆ సాయంత్రం ఫోన్‌కార్డు గీకి వాళ్ళక్కకి ఫోన్ చేశారు. సంగతి వినగానే, "అయితే నన్ను వెనక ఎక్కించుకుంటావురా?" అని అడిగిందట.

మార్చి చివర్లో సిడ్నీలో ఉద్యోగం వచ్చింది, బ్లాక్‌టౌన్‌లో ఇల్లు చూసుకున్నాం. వెళ్ళే ముందు ఆఖరిసారి దీవికి వెళ్ళి, ఈ రేవునుంచి కొండ అవతల హార్స్‌షూ బే దాకా ఇద్దరం సైకిళ్ళ మీదే వెళ్దామనుకున్నాం. ఆఖరి ఎక్కుడు మీద వాన పట్టుకుంది. ఒక పెద్ద బండ కింద చేరి, బుట్టలోని పులిహోర తీసి తిన్నాం.

"ఇన్నాళ్ళూ నా ఉద్యోగం గురించే మాట్లాడుకున్నాం. నీకేం చెయ్యాలనుంది?" అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. "చిన్నపిల్లలకి చదువు చెప్పాలనుంది" అన్నాను. నోటమ్మట వచ్చాక అది నిజమేనని తెలిసింది.

"నేర్పడం నీకొచ్చు. సర్టిఫికెట్ కావాలంటే నేను రాసిస్తా."

సిడ్నీ వెళ్ళిన ఏడాదే కోర్సులో చేరాను, ఆ తర్వాత పదిహేనేళ్ళు ఒక ప్రీస్కూల్లో పనిచేశాను. ఆ రోజుకి మాత్రం వాన ఎప్పుడు తగ్గుతుందా అన్నదే ఇద్దరి ఆలోచన.

తగ్గాక దిగడం మొదలుపెట్టాం. రెండు బ్రేకులూ బిగించి పట్టుకుని, నడిచినంత మెల్లగా ఆయన ముందు, వెనక నేను. హార్స్‌షూ బేలో మొదట కనిపించిన హోటలు దగ్గర సైకిళ్ళు ఆపాం. బల్లలు తుడుస్తున్న అమ్మాయి ఏమీ అడగకుండానే, మేం అవతలి రేవునుంచి సైకిలు మీద వచ్చామని ఈయన చెప్పారు.

"ఆ కొండ మీంచా?" అంది ఆ అమ్మాయి.

"అవును, ఆ కొండ మీంచే" అన్నారు ఈయన. ఆయన ఏడుసార్లు దిగి సైకిలు తోయడం నేను చూశాను గానీ, ఆ విషయం ఎత్తలేదు.